నీళ్ళలో మునిగిన పాత కుట్టుమిషను మళ్ళీ కుట్టాలంటే

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వానకి చెన్నై వేళచ్చేరిలో మా మేనత్త ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం డబ్బా, సర్టిఫికెట్లు, గ్యాస్ బండ అన్నీ మంచం మీదకి ఎక్కించారు గానీ కుట్టుమిషను సంగతి ఎవరికీ తట్టలేదు. అది పాత తొక్కుడు మిషను. పని లేనప్పుడు హెడ్డుని బల్ల కిందకి మడిచి పైన మూత వేసే రకం. బల్ల మీద చుక్క నీరు లేదు. కింద వేలాడుతున్న హెడ్డు మాత్రం రెండు రోజులు బురదనీళ్ళలో నానింది. నేను వెళ్ళి మూత ఎత్తేసరికి వారం దాటింది. చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

రిపేరు చేసే అతన్ని పిలిస్తే, "షాఫ్టు పట్టేసిందమ్మా, పాత ఇనుముకి వేసేయండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అత్త నా వంక చూసి, "ఒరేయ్, ముప్పై ఏళ్ళు ఇదే అన్నం పెట్టింది. నువ్వు ఇంజినీరువేగా, ఒకసారి విప్పి చూడరా" అంది. నేను కంప్యూటరు ముందు కూర్చునే ఇంజినీర్ని. ఆ తేడా అత్త లెక్కలోకి రాదు.

నాలుగు సాయంత్రాలు పట్టింది. తీరా చూస్తే లోపల ఏదీ విరగలేదు. డబ్బు పెట్టి కొన్నవి మూడే: ఒక సూదుల ప్యాకెట్టు, ఒక తోలు బెల్టు, ఒక బాబిన్ కేస్ (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే స్టీలు గూడు). ఆ తర్వాత చుట్టాలవీ పక్కింటివాళ్ళవీ కలిపి ఇంకో అరడజను మిషన్లు విప్పాను. వాటిలో నిజంగా భాగం విరిగింది ఒక్కటే. మిగతా అన్నిట్లో ఉన్నది ఎండిపోయిన నూనె, పీచు, తప్పుగా పెట్టిన సూది.

అందుకే పాత మిషను దగ్గర కూర్చున్నప్పుడు వరస తప్పకూడదు. ముందు చక్రం తేలిగ్గా తిరగాలి. తర్వాత శుభ్రం, ఆ తర్వాత సూది, దాని తర్వాత దారం. దారం బిగుతుని సర్దే టెన్షన్ నట్టు అన్నిటికన్నా ఆఖరు. కుట్టు కాస్త తేడా వచ్చిందంటే మనవాళ్ళు మొట్టమొదట తిప్పేది దాన్నే. ఇద్దరు ముగ్గురు తిప్పేశాక అసలు లోపం ఎక్కడుందో పట్టుకోవడం రెట్టింపు కష్టం.

మీ మిషను ఏ రకం?

అత్త మిషను మీద పేరు పట్టీ ఎప్పుడో ఊడిపోయింది. పేరు లేకపోయినా ఫరవాలేదు, బాబిన్ చూస్తే రకం తెలిసిపోతుంది.

ఎడమవైపు జారే ప్లేటు తీస్తే లోపల నిలువుగా కూర్చున్న స్టీలు కేసు, అందులో గుండ్రటి బాబిన్ కనిపిస్తే అది సింగర్ 15 తరహా మిషను. మన దేశంలో ఇళ్ళలో ఉన్న నల్ల మిషన్లలో ఎక్కువ భాగం ఇదే అచ్చు. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన ఉషా మిషన్ల దగ్గర్నుంచి లూధియానాలో తయారైన రకరకాల పేర్ల మిషన్ల దాకా చాలావాటికి అదే మూస. స్పేర్లు తేలిగ్గా దొరికేది కూడా దీనికే.

పడవ ఆకారంలో పొడుగాటి షటిల్ (పై దారాన్ని కింది దారంతో కలిపే భాగం), అందులో సన్నటి కడ్డీలాంటి బాబిన్ ఉంటే అది ఇంకా పాత పద్ధతిది, సింగర్ 27, 28, 127, 128 లాంటిది. దాని షటిల్ పోతే కొత్తది దొరకడం గగనం, జాగ్రత్తగా చూసుకోండి. సూదికి ముందు పైనుంచే బాబిన్‌ని పడేసే రకమైతే 66 లేదా 99 తరహా. ఈ వ్యాసంలో విప్పే వివరాలు 15 రకానికి చెప్పినవి. శుభ్రం, నూనె, సూది, టెన్షన్ గురించి చెప్పినవి మాత్రం మూడింటికీ పనికొస్తాయి.

సింగర్ అయితే కుడివైపు అడుగు పలక మీద సీరియల్ నంబరు ఉంటుంది. ముందు అక్షరాలేమీ లేకుండా ఒట్టి అంకెలే ఉంటే సాధారణంగా 1900కి ముందుది. ఇక్కడికి వచ్చిన పాత సింగర్లలో చాలా వరకు స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం నుంచి వచ్చినవి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది.

నంబరు చూడగానే కొందరు లక్షల బేరం మాట్లాడతారు. నమ్మకండి. పాత సింగర్ సూదిలో ఎంతో విలువైనదని చెప్పుకునే ఎర్ర పాదరసం ఉంటుందన్న పుకారు 2009లో సౌదీ అరేబియాలో లేచి, జనం వెర్రిగా ఎగబడ్డారు. మన దగ్గర కూడా ఆ కథ ఇంకా అప్పుడప్పుడు తిరుగుతూనే ఉంది. సూదిలో ఉండేది ఉక్కు మాత్రమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్దవీ చిన్నవీ కలిపి మూడు మైనస్ స్క్రూడ్రైవర్లు, పాత టూత్‌బ్రష్, పట్టకారు, నూలు గుడ్డలు, కిరోసిన్ లేదా పెయింటు కొట్లో దొరికే టర్పెంటైన్, మందుల షాపులో దొరికే సిరంజి, నీళ్ళలా తెల్లగా ఉండే కుట్టుమిషను నూనె. స్క్రూడ్రైవరు మొన స్క్రూ గాటులో నిండుగా కూర్చోవాలి. వదులుగా ఉన్నదాంతో తిప్పితే గాటు అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ ఊడి రాదు. ఈ పాత మిషన్ల స్క్రూలకు చాలావాటికి మర వేరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్క్రూ అందులో కూర్చోదు. బలవంతంగా ఎక్కిస్తే లోపలి మర కూడా పాడవుతుంది. అందుకని ఒక్క స్క్రూ కూడా పోగొట్టుకోవద్దు.

దానికి నేను వాడింది ఇడ్లీ ప్లేటు. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు, విప్పిన వరసలోనే. విప్పే ముందు ఫోను తీసి ఒక ఫొటో, విప్పాక ఇంకొకటి. రాత్రి పదకొండింటికి వాషరు ఏ వైపు ఉండేదో గుర్తు రాదు, ఫొటోలో ఉంటుంది. ఆ ఇడ్లీ ప్లేటు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళలేదని వేరే చెప్పాలా?

నూనె విషయంలో ఒక్క మాట. కొబ్బరినూనె, ఆముదం వేయొద్దు. అవి కొన్నాళ్ళకి జిగురుగా మారి మిషన్ని పట్టేస్తాయి. నేను విప్పిన వాటిలో రెండు అలా పట్టేసినవే. బండి ఇంజిన్ ఆయిల్ కూడా చిక్కన, వద్దు.

ఇంకొకటి, నల్ల పెయింటు మీద బంగారు రంగు పువ్వులుంటే వాటిని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడవకండి. పైనున్న వార్నిషు కరిగి పువ్వులు గుడ్డకి అంటుకొచ్చేస్తాయి. కిరోసిన్ గుడ్డతో రుద్దడం కూడా మంచిది కాదు. మిషను నూనెలో ముంచిన మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిస్తే మురికి వదులుతుంది, పువ్వులు నిలుస్తాయి.

చక్రం కదలకపోతే

ముందు బెల్టు తప్పించండి. దారం, సూది, బాబిన్ తీసేయండి. ఇప్పుడు కుడివైపు చేతి చక్రాన్ని మీ వైపుకి తిప్పి చూడండి. బెల్టు తీశాక తేలిగ్గా తిరిగితే లోపం కింద స్టాండులో ఉంది, హెడ్డులో కాదు. అసలు కదలకపోయినా, బరువుగా తిరిగినా హెడ్డు సంగతి చూడాలి.

బలం వేయొద్దు. చక్రం పట్టుకుని ఊగేవాళ్ళని చూశాను. పోత ఇనుము వంగదు, విరుగుతుంది.

పూర్తిగా పట్టేసినప్పుడు ఈ వరసలో చూడండి. షటిల్ ఉండే గూట్లో తెగిన దారం ముక్క ఇరుక్కుందా? చేతి చక్రం వెనక షాఫ్టుకి దారం చుట్టుకుందా? ఈ రెండూ కాకపోతే ఎండిన నూనో తుప్పో. తుప్పు పట్టిన చోటు ఎర్రగా కనిపిస్తుంది. ఎండిన నూనె పసుపు, గోధుమ రంగులో లక్కలా గట్టిపడి ఉంటుంది. చూడ్డానికి లోహం రంగే అనిపిస్తుంది, గోరుతో గీకితే పెచ్చులా వస్తుంది.

కిటికీలు తెరవండి. పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ వెలుగుతూ ఉండకూడదు. సిరంజిలోకి కిరోసిన్ తీసుకుని లోహం మీద లోహం కదిలే ప్రతి చోటా చుక్కలు వదలండి. పైన ఉన్న నూనె రంధ్రాలు, ఎడమ చివర ముఖం ప్లేటు విప్పితే కనిపించే సూది కడ్డీ, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ కడ్డీ, దారాన్ని పైకీ కిందకీ లాగే లివరు కీళ్ళు, వెనక గుండ్రటి మూత విప్పితే కనిపించే పెద్ద కడ్డీ, హెడ్డుని వెనక్కి వాల్చితే అడుగున ఉన్న అడ్డ షాఫ్టుల రెండు కొసలు. పెయింటు మీద కారినది వెంటనే తుడిచేయండి.

అరగంట ఆగి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపండి, ఎంత కదిలితే అంతే. మళ్ళీ కిరోసిన్, మళ్ళీ ఆగడం. అత్త మిషను మొదటి రాత్రి కదల్లేదు. రెండో రాత్రి, కిరోసిన్ అంతా తుడిచి బాగా ఆరనిచ్చాక, సూది కడ్డీ దగ్గర జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో రెండు నిమిషాలు వేడి గాలి పట్టాం. కిరోసిన్ తడి ఉండగా మాత్రం డ్రయ్యరు దగ్గరికి రానివ్వద్దు. చక్రం ఒక అంగుళం కదిలింది. అంగుళం కదిలితే పని సగం అయినట్టే.

మిషను ఇంకా బురదతో ఉండగానే మీ చేతికొస్తే కిరోసిన్ కన్నా ముందు మంచినీళ్ళతో కడగాలి. ఇనుముని నీళ్ళతో కడగడమా అని మనసు ఒప్పదు. ఎండిన బురద కీళ్ళలో ఇసుక కాగితంలా రాస్తుంది, నీళ్ళకన్నా ఎక్కువ నష్టం దానితోనే. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పెట్టి, ఆ రోజే కిరోసిన్ పట్టించండి.

నూనె వేయడం

కిరోసిన్ మురికితో పాటు ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తుంది. అలాగే వదిలేస్తే పొడి లోహం రాసుకుని అరుగుతుంది, మన ఊరి గాలికి తుప్పు కూడా పడుతుంది. గుడ్డతో తుడిచి, ఆరాక, కిరోసిన్ వేసిన ప్రతి చోటా మిషను నూనె రెండు చుక్కలు. అంతకు మించి పోస్తే కారి గుడ్డల మీద పడటం తప్ప లాభం లేదు. టెన్షన్ బిళ్ళల మధ్య, బెల్టు మీద, బాబిన్ చుట్టే రబ్బరు చక్రం మీద నూనె పడకూడదు.

నూనె వేశాక దారం లేకుండా, ఫుట్ పైకెత్తి పది నిమిషాలు తిప్పండి. నల్లటి నూనె బయటికొస్తుంది. తుడవండి. కొత్తది వేయండి. మళ్ళీ తిప్పండి. నల్లగా రావడం తగ్గేదాకా ఇదే పని.

షటిల్ విప్పడం

కిరోసిన్, నూనె పెట్టినా చక్రం ఒకే చోట గట్టిగా ఆగుతుంటే, లేదా కింద దారం ముద్దకట్టి ఇరుక్కుంటుంటే, షటిల్ విప్పాలి.

1. చక్రం తిప్పి సూదిని పూర్తిగా పైకి తీసుకురండి. సూది తీసేయండి.
2. జారే ప్లేటు తెరిచి, బాబిన్ కేస్ మీది చిన్న గడియ పట్టి బయటికి లాగండి.
3. షటిల్‌కి అడ్డంగా ఉన్న రింగుని విప్పండి. కొన్నిటికి రెండు స్క్రూలు, కొన్నిటికి పక్కకి తిప్పే చిన్న లివర్లు ఉంటాయి.
4. రింగు, దాని వెనకే చంద్రవంక ఆకారపు షటిల్ బయటికొస్తాయి. ఏ ముఖం మీ వైపు ఉందో ముందే ఫొటో తీసుకోండి.
5. గూడంతా బ్రష్‌తో, కిరోసిన్ గుడ్డతో తుడవండి. పట్టకారుతో దారం ముక్కలు ఏరేయండి.

అత్త మిషను షటిల్ గూట్లోంచి నాలుగు రంగుల దారం, ఒక విరిగిన సూది మొన, బురద కలిసిన పీచు ముద్ద వచ్చాయి. సూది మొన చూసి అత్త, "ఇది మీ అక్క పెళ్ళికి జాకెట్లు కుట్టేటప్పుడు విరిగిందిరా" అంది. అక్క పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆ మొన అన్నాళ్ళూ అక్కడే కూర్చుంది.

ఇప్పుడు షటిల్ కొస చూడండి. సూది దగ్గర్నుంచి పై దారాన్ని పట్టి లాగేది ఈ కొసే. దూది ముక్కతో మెల్లగా రాయండి. దూది పోగు పట్టుకుంటే అక్కడ గరుకు లేచింది. అదే దారాన్ని తెంపేది. వెయ్యి నంబరు పైన ఉండే సన్నటి ఎమరీ కాగితం మీద నూనె చుక్క వేసి ఆ గరుకు పోయేదాకా మాత్రమే రాయాలి. కొస పొట్టి కాకూడదు, మొద్దుబారకూడదు. తుప్పు తిని గుంటలు పడిన షటిల్‌తో కుస్తీ పట్టడం దండగ, మార్చేయండి. బాబిన్ కేసుకి కూడా అంతే. అత్తదాని కేసులో స్ప్రింగు కింద తుప్పు తిన్న గుంట ఉంది, ఎంత రుద్దినా దారం అక్కడే ఆగింది. చివరికి కొత్తది కొన్నాం.

స్పేర్లకి చెన్నైలో ప్యారీస్, పార్క్ టౌన్ వైపు సందుల్లో వెతకండి, లేదా మీ పేటలో పాత టైలరుని అడగండి, దారి చెబుతాడు. పాత భాగాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళండి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూసి కొనండి. తమిళం అంతగా రానివాళ్ళు "తైయల్ మెషిన్" అంటే చాలు, సూదికి "ఊసి" అనండి.

చేతి చక్రం విప్పాల్సి వస్తే ఒక్క చిక్కుంది. మధ్యలో ఉన్న గుండ్రటి మర మీద చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తేనే మర ఊడుతుంది. దాని వెనక చెవులున్న వాషరు ఉంటుంది. మళ్ళీ బిగించాక చక్రం షాఫ్టుని పట్టకుండా ఒట్టిగా తిరుగుతున్నా, బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగకుండా ఆడుతున్నా, ఆ వాషరుని సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి.

సూది

ఇక్కడ తొందరపడొద్దు. కుట్టు తప్పడం, దారం తెగడం, టకటక చప్పుడు అంటూ వచ్చిన మిషన్లలో నేను మొదట చేసేది కొత్త సూది పెట్టడం. చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

ఇంటి మిషన్లకి కావలసింది ఒక వైపు చదునుగా ఉండే కాడ ఉన్న సూది. ప్యాకెట్టు మీద 15×1 అనో హెచ్ఏ×1 అనో ఉంటుంది. కొట్లో అడిగితే ఒక్కోసారి పవర్ మిషన్లకి వాడే గుండ్రటి కాడ సూది చేతిలో పెడతారు. అది బిగుసుకున్నట్టే ఉంటుంది, కుట్టు మాత్రం పడదు. ఇంటికొచ్చాక తెలుసుకునే బదులు అక్కడే చదును వైపు తడిమి చూడండి.

నంబరు గుడ్డని బట్టి. పల్చటి వాయిల్, సిల్కుకి 11. జాకెట్టు గుడ్డ, మామూలు నూలుకి 14. మందపు నూలు, ప్యాంటు గుడ్డకి 16. జీన్సుకి 18. లావు దారం సన్నటి సూదిలో పెడితే తెగుతుంది. ఆ తెగడాన్ని టెన్షన్ మీదకి నెట్టేస్తాం.

సూది పెట్టే దిశ మిషన్ని బట్టి మారుతుంది కాబట్టి కుడీ ఎడమా కంఠతా పట్టకండి. సూదికి ఒక వైపు పై నుంచి కింద దాకా పొడుగాటి గాడి ఉంటుంది. రెండో వైపు చదును, కన్నం పైన చిన్న నొక్కు. షటిల్ కొస ఏ వైపు నుంచి సూదిని రాసుకుంటూ పోతుందో ఆ వైపుకి చదును ఉండాలి. దారం గాడి వైపు నుంచి కన్నంలోకి వెళ్ళాలి. సూదిని పైకి తగిలేదాకా నెట్టి అప్పుడు స్క్రూ బిగించండి. ఒక్క మిల్లీమీటరు కిందకి జారి ఉన్నా కుట్టు తప్పుతుంది.

వాడిన సూది వంగిందో లేదో తెలియాలంటే చదును వైపుని అద్దం మీద ఆనించి పక్కనుంచి చూడండి. కొస దాకా సందు ఒకేలా ఉండాలి. అనుమానం వస్తే పారేయండి. మిషన్లో అన్నిటికన్నా చవక వస్తువు అదే.

దారం, టెన్షన్

దారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకెత్తి ఉండాలి. ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్ళలు విడిపోయి దారాన్ని లోపలికి రానిస్తాయి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం బిళ్ళల పైనే తేలుతుంది, నట్టు ఎంత బిగించినా ఫలితం ఉండదు. బిళ్ళల పక్కన సన్నటి తీగ స్ప్రింగు ఒకటి ఉంటుంది, దారం దాని కిందనుంచి కూడా రావాలి. పాత మిషన్లలో అది విరిగిపోయినా చాలామంది గమనించరు.

బాబిన్ కేసులో దారం గాటులోంచి స్ప్రింగు కిందకి వెళ్ళేటప్పుడు వెనక్కి మళ్ళాలి. నేరుగా సాగిపోతుంటే బాబిన్‌ని తిరగేసి పెట్టండి. ఇప్పుడు దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీయండి. తనంతట తాను జారిపోకూడదు. చెయ్యి చిన్నగా ఎగరేస్తే రెండు మూడు అంగుళాలు జారి ఆగాలి. జరజరా దిగిపోతే కేసు మీది పెద్ద స్క్రూని బిగించాలి, అసలు కదలకపోతే వదులు చేయాలి. ఎంత అంటే గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాల్లో కదిలేంత. అంతే, మళ్ళీ పరీక్ష.

కింద టెన్షన్ కుదిరాకే పైది. పైన ఎర్ర దారం, బాబిన్లో తెల్ల దారం పెట్టి, రెండు మడతల నూలు గుడ్డ మీద జానెడు కుట్టండి. దారం రంగులు వేరైతేనే ఎవరి తప్పో తెలుస్తుంది.

కుట్టు అడుగున ఎర్ర దారం ఉచ్చులుగా కనిపిస్తే పై టెన్షన్ వదులు. లేదా దారం బిళ్ళల్లో కూర్చోలేదు. అడుగున ముద్దలు కట్టడం చూసి అందరూ బాబిన్‌ని తిడతారు. తప్పు దాదాపు ఎప్పుడూ పైదే. పైన తెల్ల చుక్కలు లేచి వస్తే పైది మరీ బిగుతు, లేదా బాబిన్ వదులు. పైన ఎర్ర దారం మాత్రమే, అడుగున తెల్ల దారం మాత్రమే కనిపించి, ముడి గుడ్డ మడతల మధ్య దాక్కుంటే కుదిరినట్టు.

నట్టు ఎంత తిప్పినా తేడా లేకపోతే బిళ్ళల మధ్య పీచు ఇరుక్కుంది. ఫుట్ ఎత్తి, లావు నూలు దారానికి ముడి వేసి బిళ్ళల మధ్య నుంచి రెండు మూడుసార్లు లాగండి. అప్పటికీ లొంగకపోతే మొత్తం విప్పాలి. నట్టు, స్ప్రింగు, నంబర్ల చక్రం, విడుదల చేసే పిన్ను, రెండు బిళ్ళలు, ఏది ఏ వరసలో వచ్చిందో అదే వరసలో ఇడ్లీ ప్లేటులోకి. మళ్ళీ పెట్టేటప్పుడు బిళ్ళల ఉబ్బెత్తు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఆఖర్న ఫుట్ ఎత్తి చూడండి, దారం తేలిగ్గా జారాలి. దింపగానే పట్టాలి. పిన్ను పొరపాటున కుదరకపోతే ఈ తేడా ఉండదు.

మొదటి కుట్టులోనే ముద్ద కడుతుంటే మాత్రం మిషన్ది కాదు తప్పు. రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకుని నాలుగు కుట్లు వేయండి, దారపు లివరు పై కొసకి వచ్చాకే మొదలుపెట్టండి.

అప్పటికీ కుట్టు తప్పుతుంటే

సూది కొత్తదే, సరిగ్గానే ఉంది, దారం సరే, షటిల్ నున్నగా ఉంది, అయినా కుట్టు జంప్ అవుతోంది. అప్పుడు చూడాల్సింది టైమింగ్, అంటే సూదీ షటిల్ కొసా సరైన క్షణంలో కలిసే లెక్క. పాత మిషన్లలో టైమింగ్ దానంతట అది తప్పడం అరుదు. గుండుసూది మీద కుట్టినప్పుడో, లావు మడత మీద బలంగా తొక్కినప్పుడో సూది కడ్డీ తన పట్టులోంచి కాస్త పైకి జారుతుంది.

ముఖం ప్లేటు విప్పి చక్రాన్ని చేత్తో మెల్లగా మీ వైపుకి తిప్పండి. సూది అట్టడుగుకి వెళ్ళి పైకి రావడం మొదలుపెడుతుంది. సుమారు రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి షటిల్ కొస సూది వెనక్కి రావాలి, కన్నానికి ఒకటిన్నర మిల్లీమీటరు పైన రాసుకున్నట్టే పోవాలి, తగలకూడదు. కొస కన్నానికి ఎదురుగానో, ఇంకా కిందగానో పోతుంటే సూది కడ్డీ పైకి జారిందని అర్థం. సూది కడ్డీ మీద రెండు గీతలున్న సింగర్లలో పని ఇంకా తేలిక. సూది అడుగున ఉన్నప్పుడు పై గీత, లేస్తున్నప్పుడు కింది గీత కడ్డీ గొట్టం అంచుకి వస్తాయి. కింది గీత అంచుకొచ్చిన క్షణంలోనే షటిల్ కొస సూది దగ్గర ఉండాలి.

సరిచేసే ముందు కడ్డీ ఇప్పుడున్న చోట మార్కరుతో సన్నటి గీత పెట్టండి. పట్టు స్క్రూ వదులు చేసి అర మిల్లీమీటరు జరిపి బిగించి చూడండి. కడ్డీ పక్కకి తిరగకూడదు. తిరిగితే సూది చదును దిశ మారిపోతుంది. నాకు ఈ ఒక్క సర్దుబాటుకే గంటన్నర పట్టింది. మూడోసారికి కుదిరింది.

గుడ్డ కదలకపోవడం, స్టాండు, మోటారు

గుడ్డ ఒకే చోట నిలబడితే సూది ప్లేటు విప్పండి. కింద గుడ్డని జరిపే పళ్ళ మధ్య పీచు గట్టిపడి కంబళి ముక్కలా ఉంటుంది. పట్టకారుతో లాగేయండి. పళ్ళు పైకి రావడం లేదంటే ఎంబ్రాయిడరీకని ఎవరో దించి ఉంటారు. కుట్టు పొడుగు లివరు సున్నా దగ్గర ఉందేమో కూడా చూడండి, ఇది చూడకుండా అరపూట పోగొట్టుకున్నవాణ్ణి నేనే.

తోలు బెల్టు వానాకాలంలో సాగుతుంది. జారుతుంటే క్లిప్పు ఊడదీసి పావంగుళం కోసి మళ్ళీ కలపండి. ఒకేసారి ఎక్కువ కోస్తే బిగుసుకుపోయి తొక్కడమే బరువవుతుంది. వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. క్లిప్పు కొసలు బయటికి పొడుచుకుని ఉంటే ప్రతి చుట్టుకీ టక్కుమని చప్పుడొస్తుంది. పెడల్ రెండు కొసలకీ, పెద్ద చక్రం ఇరుసుకీ, వాటిని కలిపే కడ్డీ కీళ్ళకీ నూనె వేయండి. మిషను కొన్నాళ్ళు ఊరికే ఉంటే తొక్కడం మరిచిపోయి చక్రం వెనక్కి తిరుగుతుంది, అప్పుడు దారం చిక్కుపడుతుంది. చక్రం పై అంచు ఎప్పుడూ మీ వైపుకే రావాలి.

మోటారు బిగించిన మిషనైతే ముందు ప్లగ్గు ఊడదీసి, మోటారు బెల్టు తప్పించి, పైన చెప్పినదంతా చేత్తోనే చేయండి. నీళ్ళలో మునిగిన మోటారుకి, తొడుగు పగిలిన పాత వైర్లకి మీరు చెయ్యి పెట్టకండి. 230 వోల్టులతో ప్రయోగాలు వద్దు, ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి.

మన ఊరి గాలి

సముద్రం పక్కనున్న ఊళ్ళో శుభ్రంగా తుడిచిన ఇనుము కూడా వారంలో ఎర్రబడుతుంది. మెరిసే భాగాల మీద పైపై తుప్పుకి నూనెలో ముంచిన సన్నటి స్టీల్ ఊల్ చాలు, నల్ల పెయింటుకి మాత్రం అది తగలనివ్వకండి. ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమట పట్టి ఇంకా పాడవుతుంది. పాత నూలు చీర కప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా హెడ్డుని బల్ల కిందకి మడిచి వదలకండి, పైనే ఉంచండి. ఎందుకో మాకు తెలుసు.

అంతా అయ్యాక జాకెట్టు ముక్క వెంటనే పెట్టొద్దు. ఫుట్ కింద తెల్ల పాతగుడ్డ మడత ఉంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి గోధుమ రంగు మరకలుంటాయి. గుడ్డ మార్చి, నూనె రెండు చుక్కలు వేసి, చిరుగు గుడ్డ మీద ఐదు నిమిషాలు కుట్టి, మళ్ళీ అలాగే. అత్త మిషనుకి నాలుగో రోజున మరక రంగు పోయి ఒట్టి నూనె తడి మాత్రమే కనిపించింది. ఆ సాయంత్రమే పక్కింటి పాప లంగాకి అంచు కుట్టేసింది, నేను చూడనే లేదు.